మిల్టన్ ఆబసు: ఒక యాంగ్లగ్రామము చరిత్రము

ఆంగ్లదేశపు దక్షిణభాగమున డార్సెట్టు అను మండలము కలదు. సుద్దరాతి గుట్టలును, వాని నడుమ ఇఱుకైన లోయలును ఆ మండలమునకు సహజములు. అట్టి యొక లోయలో మిల్టన్ ఆబసు అను చిన్న గ్రామమున్నది. గ్రామమునకు ముఖ్యమైన వీథి యొక్కటే. అది మెల్లగ వంపుదిరుగుచు లోయదిగువకు దిగును. దాని కిరుప్రక్కల సమానమైన యెడమున, ఒక్క కొలతతో, ఒక్క పోలికతో గట్టబడిన 36 ఇండ్లు వరుసదీఱి యున్నవి. గోడలు మట్టివి, వానిపై సున్నము, మీద దట్టమైన పూరికప్పు. ఇండ్లముంగిట బచ్చికయు, వెనుక జెట్లు గప్పిన కొండవాలును గలవు. ఆంగ్లగ్రామముల చిత్రపటములలో ఈ వీథి తఱచుగ గానవచ్చును. చూడబోయినవారు దీనిని మెచ్చుకొనకుండ మరలిరారు.

అయినను చరిత్రదృష్టితో బరికించువాని కిచట గొన్ని వైపరీత్యములు గోచరించును. "ఆబసు" అను పదము మఠాధిపతి వాచకమైన లాటిను శబ్దము. "మిల్టన్" అనునది మధ్యగ్రామమని యర్థమిచ్చు "మిడిల్టన్" శబ్దమునకు సంక్షిప్తరూపము. కావున నిది మఠమువారి యూరని పేరే చెప్పుచున్నది. కాని యూరిలో మఠము లేదు. మఠాలయము కొంత దూరమున, ఇల్లొక్కటియు లేని పచ్చికబయలున నొంటరిగ నిలిచియున్నది. మఱియు నీ గ్రామము 1780 నాటికి బూర్తియైనది. గ్రామములోని చర్చి 1786వ సంవత్సరపుది. అట్లుండ, ఆ చర్చి కెదురుగ నున్న వృద్ధుల ధర్మశాల 1674లో గట్టబడినది. ఊరు పుట్టుటకు నూఱేండ్లు ముందే యూరిలో ధర్మశాల యెట్లు వెలసెను? ఊరులేని చోట మఠాలయమును, మఠములేని చోట నూరును ఏల యున్నవి? ఈ ప్రశ్నలకు సమాధానమే యీ గ్రామచరిత్రము. ఇచటి ప్రాచీనచిహ్నము లన్నియు నీ యూరిని గూర్చిగాక, ఇపుడు లేని మఱియొక యూరిని గూర్చి సాక్ష్యమిచ్చుచున్నవి.

మఠము, పట్టణము

క్రీ. శ. 934 ప్రాంతమున ఆథెల్‌స్టను రాజు ఈ లోయలో నొక ధర్మసంస్థను స్థాపించెను. 964లో అది బెనిడిక్టు సంప్రదాయమునకు జెందిన సన్న్యాసుల మఠ మయ్యెను. 1309లో బిడుగుపడి మఠాలయము దగ్ధమయ్యెను. తరువాత బునర్నిర్మాణ మారంభమై చిరకాలము సాగినను, ఆలయమునకు బశ్చిమముగ నుండవలసిన ప్రధానమండప మెన్నడును గట్టబడలేదు. కావున నిపుడు కనబడు మహాలయము నిజమునకు సగము కట్టడమే. మఠాధిపతియైన విలియం మిడిల్టన్ 1498లో నొక పెద్ద భోజనశాలను గట్టించెను. చెక్కడపుబనితో గూడిన దాని కొయ్యకప్పు నేటికిని జూడదగియున్నది. ఆ మఠాధిపతియే 1521లో బాలురకై యొక వ్యాకరణపాఠశాలను స్థాపించెను. వ్యాకరణమనగా నచట లాటిను వ్యాకరణము.

మఠమునకు వెలుపల, దాని గోడల నానుకొని, క్రమముగ నొక పట్టణము పెరిగెను. ఇది శాసనముచేత నొకనాడు పుట్టినది గాదు. యాత్రికులు వచ్చుటచేత బూటకూళ్ల యిండ్లును, సంత జరుగుటచేత నంగళ్లును, పాఠశాల యుండుటచేత విద్యార్థుల బసలును ఏర్పడినవి. సంతనడుమ శిలాస్తంభమొకటి నిలిచెను. నూఱునకు బైగా నిండ్లు గల యీ పట్టణమునకు మిడిల్టన్ అనియే పేరు.

1539లో ఎనిమిదవ హెన్రీ రాజు మఠమును రద్దుచేసెను. మరుసటి యేట, రాజుకొలువున న్యాయవాదియై మఠముల రద్దునకు దోడ్పడిన సర్ జాన్ ట్రెగాన్వెల్ 1,000 పౌనులకు దీనిని గొనెను. మఠాలయము పట్టణవాసుల చర్చిగ మాఱెను. మఠాధిపతి గృహము భూస్వామి గృహమయ్యెను. పట్టణము మాత్రము యథాప్రకారము నిలిచెను. ఆ వంశములోని యొక బాలుడు ఆలయపు గప్పుపైనుండి జాఱిపడియు, వలువలు గాలికి బొంగుటచేత మెల్లగ నేల జేరి బ్రదికెననియు, అతడు 1680లో మరణించునపుడు కృతజ్ఞతాసూచకముగ దన గ్రంథములను ఆలయమున కిచ్చెననియు నచట ప్రసిద్ధి. 1674 నాటి వృద్ధుల ధర్మశాలయు నీ వంశమువారి కాలపుదే.

పాఠశాలయు, దాని చరిత్రకారుడును

ఈ పట్టణమునందలి పాఠశాల కొక విశేషము గలదు. డార్సెట్టు మండలచరిత్రమును మొట్టమొదట సమగ్రముగ రచించిన జాన్ హచిన్సు ఇచట నుపాధ్యాయుడుగ నుండెను. ఆయన 1698లో జన్మించి, విద్య ముగించి, ఈ పట్టణమునకు వచ్చి, చర్చిలో సహాయక గురువుగను, పాఠశాలలో నుపాధ్యాయుడుగను బనిచేసెను. అపుడు మిల్టన్ భూములకు బ్రభువైన జేకబ్ బ్యాంక్సు ఆయనను చరిత్రపరిశోధనమునకు బ్రోత్సహించెను. 1739లో హచిన్సు ప్రశ్నల నొక కాగితముపై నచ్చొత్తించి మండలమంతట బంపెను. గ్రామగ్రామము నుండి వచ్చిన సమాధానములను, శిలాలేఖములను, దానపత్రములను ముప్పదియేండ్లకు బైగా గూర్చుకొనెను. 1762లో ఆయన నివసించుచున్న వేరాము పట్టణము తగులబడినపుడు, ఆయన భార్య ప్రాణములకు దెగించి వ్రాతప్రతులను గాపాడెను. ఆయన 1773లో గాలముచేసెను. గ్రంథము 1774లో రెండు సంపుటములుగ వెలువడెను.

ఆ గ్రంథము ద్వితీయముద్రణమునకు మనదేశముతో సంబంధము గలదు. హచిన్సు కుమార్తె బొంబాయిలో ఈస్టిండియా కంపెనీ సేనలో నధికారియైన జాన్ బెల్లాసిసును వివాహమాడెను. ఆ యల్లుని ద్రవ్యసాహాయ్యము వలననే మామగారి గ్రంథము పెంపొంది మరల ముద్రణమునకు వచ్చినది. ఇటుల నొక యాంగ్లమండలపు జరిత్ర నిలుచుటకు బొంబాయి నుండి ధనము పోయినది. గమనింపవలసిన దేమనగా, హచిన్సు బోధించిన పాఠశాలయు, నాయన నడచిన వీథులును, ఆయన గ్రంథము ముద్రితమైన కాలముననే నేలమట్టమగుచుండెను.

ప్రభువు సంకల్పము

1752లో జోసెఫ్ డేమరు అను ధనికుడు మిల్టన్ భూములను గొనెను. ఆయన పూర్వుడొకడు ఐర్లండులో వడ్డీలకు ధనమిచ్చి మహైశ్వర్యమును గూడబెట్టెను. అది యీయనకు సంక్రమించెను. డార్సెట్టు డ్యూకు కుమార్తెయైన కారొలైనును వివాహమాడి, 1753లో మిల్టన్ ప్రభువను బిరుదమును, 1792లో డార్చెస్టరు ఎర్లు అను బిరుదమును బొందెను. ఆ కాలమున నాంగ్లదేశపు బ్రభువులకు గృహము చుట్టును విశాలమైన పచ్చికబయళ్లు, సరస్సులు, చెట్లగుంపులు నుండవలె నను మోజు ప్రబలియుండెను. ఆ విద్యయందు లాన్సిలాట్ బ్రౌన్ ఆనాడు ప్రథముడు. ఏ భూమిని జూచినను దాని కెంతో యోగ్యత గలదని చెప్పుట ఆయన కలవాటు గావున "కేపబిలిటీ బ్రౌన్" అని యాయనకు బేరువచ్చెను. డేమరు ప్రభువు 1763 నుండి యాయనను నియోగించెను. నూతనసౌధమునకు సర్ విలియం చేంబర్సును శిల్పిగ నేర్పఱచెను. ప్రభువు గర్వమును సహింపజాలక చేంబర్సు తన లేఖలలో నొచ్చుకొనెను. తుదకు సౌధపు బనిని జేమ్సు వయట్టు అను మఱియొక శిల్పి పూర్తిచేసెను.

సౌధము గవాక్షముల నుండి చూచిన బచ్చికబయలు గానవచ్చుటకు మాఱుగ సంతయు, బూటకూళ్ల యిండ్లును, బాలుర యల్లరియు గానవచ్చుచుండెను. ప్రభువునకు బట్టణ మడ్డమయ్యెను. పట్టణము నచటినుండి తొలగింప నాయన నిశ్చయించుకొనెను.

తొలగించిన విధము

ఒక్క మనుష్యుడు నూఱిండ్ల పట్టణము నెట్లు తొలగింపగలిగె నను ప్రశ్న కుత్తరము ఆనాటి భూస్వామ్యపద్ధతిలో నున్నది. పట్టణపు నేల ప్రభువుది. ఇండ్లలోనివా రనేకులు "మూడు జీవితముల" కౌలుపట్టాలు గలవారు. ఆ పద్ధతిలో గౌలుదారుడు పట్టాయందు మువ్వురి పేర్లను వ్రాయించును. సాధారణముగ దన పేరు, భార్య పేరు, కుమారుని పేరు నుండును. ఆ మువ్వురిలో దుదివాడు జీవించియుండు నంతవఱకును పట్టా చెల్లును. ఒకడు మరణించినపుడు కొంత ధనము చెల్లించి క్రొత్తపేరు చేర్చుకొనుట యాచారము. తరతరములుగ నిట్లు సాగుటచేత బట్టా శాశ్వతమని జను లెంచియుందురు. కాని క్రొత్తపేరు చేర్చుట ప్రభువు నిష్టాధీనము. డేమరు ప్రభువు క్రొత్తపేళ్లను జేర్చుట మానెను. కొన్ని పట్టాలను ద్రవ్యమిచ్చి కొనెను. తక్కిన వాని విషయమున మరణము కొఱకు నిరీక్షించెను. పట్టా తీఱిన యింటిని దీఱినట్లే పడగొట్టించెను. ఈ పద్ధతిచేత బట్టణ మొక్కనాడు గాక, రెండు పదుల యేండ్లలో నొక్కొక్క యిల్లుగ నదృశ్యమయ్యెను. చట్ట మెచటను నుల్లంఘింపబడలేదు. ఊరు మాత్రము పోయినది.

ఎదిరించినవాడు విలియం హ్యారిసన్ అను న్యాయవాది. ఆయన తన పట్టాను విక్రయింప నిరాకరించెను. ప్రభువు మఠపుజెఱువు తూములెత్తించి యాతని యింటిని నీటముంచెననియు, హ్యారిసన్ న్యాయస్థానమున వ్యాజ్యెమువేసి గెలిచెననియు జెప్పుదురు. ఆయన జీవించియున్నంతకాలము నా యిల్లు నిలిచెను.

పాఠశాల విషయమున బట్టాల యుపాయము పనికిరాలేదు, అది ధర్మసంస్థ. దానికై పార్లమెంటులో నొక చట్టము చేయింపవలసివచ్చెను. 1785లో ఆ చట్టముచేత బాఠశాల బ్లాండ్‌ఫర్డు పట్టణమునకు దరలింపబడెను. 264 ఏండ్లు నిలిచిన చోటినుండి విద్య కదలిపోయినది. పల్లెకూలీలు మిగిలిరి, వారి పిల్లలకు లాటిను మిగులలేదు.

నూతనగ్రామము

తొలగింపబడిన వారిలో గొందఱికై ప్రభువు నూతనగ్రామమును గట్టించెను. సౌధమునుండి చూచిన గనబడకుండునట్లు ప్రక్కలోయను ఎన్నుకొనిరి. బ్రౌన్, చేంబర్సు ఇరువురి యాలోచనములును దీనియందు గలవు. గోడలకు సుద్దతో గూడిన మట్టిని గడ్డితో గలిపి త్రొక్కి, పొరపై బొర వేసి యెత్తిరి. ఇట్టి గోడకు నీరు తగులరాదు. కావున బైని జూరు ముందునకు బొడిగించిరి. చూచుటకు నలుపలుకలైన యొక్క యిల్లుగ దోచునది నిజమునకు రెండు కాపురములు. నడుమ నొక వాకిలి, లోపల రెండు ద్వారములు. ఇంటి కింటికి నడుమ నొక్కొక్క చెస్ట్‌నట్టు వృక్షమును నాటిరి. అవి యిరువదవ శతాబ్దిమధ్యమువఱకు నుండినవి.

ఈ గ్రామమును నిష్పక్షపాతముగ విచారింపవలెను. ఆనాటి కూలివారి గుడిసెలతో బోల్చిన నీ యిండ్లు మేలైనవి. ఇతరప్రభువులు కొందఱు గ్రామములను తొలగించి యేమియు గట్టింపకయే విడిచిరి. ఐనను నూఱిండ్ల పట్టణము ముప్పదియాఱు కట్టడములలో నిముడదు. వర్తకులు, పూటకూళ్లవారు, విద్యార్థులు, సంతకు వచ్చువారు నచట జోటుగనలేదు. పూర్వపట్టణమున బలు వృత్తులవారు బలు తీరుల యిండ్లలో నుండిరి. నూతనగ్రామమున నందఱకు నొక్క తీరే. ఇచటి సౌష్ఠవము ఒక్కని యిష్టమువలన బుట్టినది. ఆ వీథి యంద మంతయు నందుండియే వచ్చినది. అందలి కొఱతయు నందుండియే.

1779లో వృద్ధుల ధర్మశాలను బాతపట్టణమునుండి విప్పి తెచ్చి యిచట మరల నిలిపిరి. పైని జెప్పిన ప్రశ్నకు సమాధాన మిదియే. 1786లో సెయింట్ జేమ్సు పేర జర్చి కట్టబడినది. మఠాలయము ప్రభువు స్వంతప్రార్థనాలయమువలె నయ్యెను. ఆలయము చుట్టునున్న శ్మశానభూమిని జదునుచేసి, సమాధిశిలలను దొలగించి, పచ్చిక పఱచిరి.

ఆ యాలయములోపలనే మఱియొక సమాధి గలదు. ప్రభుపత్ని కారొలైను 1775లో మరణించెను. రాబర్టు ఆడము రచించిన ప్రణాళిక ననుసరించి కార్లీని అను శిల్పి తెల్లనిరాతిలో నామె శయనించియున్న ప్రతిమను, ప్రక్కన మోచేతిపై నొఱగి యామె ముఖమునే చూచుచున్న ప్రభువు ప్రతిమను జెక్కెను. ఆ ముఖమునందలి దుఃఖము కృత్రిమము గాదని చూచినవా రందురు. తన వియోగమునకు రాతిరూపము కల్పించినవాడే వెలుపలివారి వియోగచిహ్నములను బచ్చికక్రింద గప్పించెను. ఈ రెండును గలిపి చూచినగాని మిల్టన్ చరిత్ర పూర్తిగ నర్థము గాదు.

గోల్డుస్మితు కావ్యముతో సంబంధము

ఆలివరు గోల్డుస్మితు 1770లో బ్రకటించిన "డెజర్టెడ్ విలేజి" అను ఖండకావ్యము ఒక ధనికుని విలాసమునకై పాడుపడిన గ్రామమును వర్ణించును. ఈ కవి తెలుగువారికి గ్రొత్తవాడు గాడు. వీరేశలింగముగారి "రాజశేఖరచరిత్రము" ఈయన "వికారు ఆఫ్ వేక్‌ఫీల్డు" కథాచ్ఛాయ గలదియే. ఆ కావ్యములోని గ్రామము మిల్టనే యని తలచుట సులభము గాని, కాలగణనకు నిలువదు. మిల్టన్ పట్టణములోని యిండ్లు ప్రధానముగ 1770వ సంవత్సరమునకు దరువాతనే పడగొట్టబడినవి. గోల్డుస్మితు 1762లోనే లండనున కేబదిమైళ్ల దూరమున నొక గ్రామము తొలగింపబడుటను గూర్చి వ్యాసము వ్రాసెను. ఆక్సుఫర్డు మండలములో హార్కోర్టు ప్రభువు తన యుద్యానమునకై న్యూనెమ్ కోర్ట్నీ గ్రామమును మార్గపార్శ్వమునకు దరలించినది యా దశాబ్దముననే. కావున బండితులు కావ్యమూలముగ న్యూనెమునే చెప్పుదురు. కవి చిన్ననాట బెరిగిన ఐర్లండులోని లిస్సాయి గ్రామపు జ్ఞాపకములు నందు గలసినవని మఱికొంద ఱందురు. మిల్టన్ కావ్యమునకు మూలము గాదు. ఆ కావ్యము వెలువడి దేశమంతట జదువబడుచుండగనే యదే కార్యము మరల జరిగిన చోటు మిల్టన్. కవితకు గరుణ బుట్టించు శక్తి గలదు గాని, పట్టా తీఱిన యింటిని నిలుపు శక్తి లేదు.

తరువాతి కాలము, నేటి చిహ్నములు

డేమరు ప్రభువు 1798లో మరణించెను. కొంతకాలమునకు ఆ వంశము నశించి, భూములు పోర్టార్లింగ్టన్ ఎర్లునకును, 1852లో హాంబ్రో అను బ్యాంకరునకును జేరెను. హాంబ్రో 1865లో సర్ గిల్బర్టు స్కాటు అను శిల్పిచేత మఠాలయమును బాగుచేయించెను. గ్రామములోని "హాంబ్రో ఆర్మ్సు" అను పానశాల పేరు ఆ వంశమును దలపించును. 1932లో భూములు ముక్కలుగ విక్రయింపబడెను. ఒక్క ప్రభువు గట్టించిన గ్రామమునకు నాటితో నొక్క ప్రభువు లేకపోయెను. 1954లో సౌధమునం దొక పాఠశాల స్థాపింపబడెను. విద్యను వెడలగొట్టినవాని గృహముననే విద్య మరల బ్రవేశించినది.

నేటి చూపరి క్రమముగ జూడదలచినచో నెనిమిది గుర్తులు గలవు: ఏకాకార గృహముల వీథి, 1674లో గట్టి 1779లో దరలించిన ధర్మశాల, 1786 నాటి చర్చి, లోయలోని సరస్సు, సగము నిలిచిన మఠాలయము, సౌధములో నిమిడియున్న 1498 నాటి భోజనశాల, పచ్చికలో మిగిలిన సంతస్తంభపు బీఠము, ఎదుటి గుట్టపై సెయింట్ కాథరిన్ మందిరము. ఆ మందిరమునకు 111 పచ్చికమెట్లు గలవు. దాని రాతిపై, దర్శించినవారికి 110 దినముల పాపపరిహారము గలుగునను లాటిను లేఖము కనబడును.

ఈ గుర్తులలో మిక్కిలి చిన్నది సంతస్తంభపు బీఠము. దాని పైభాగము లేదు. చుట్టును నంగడి లేదు. కొనువాడు లేడు, అమ్మువాడు లేడు. కాని పట్టణ మచట నుండెననుటకు దానికంటె బలమైన సాక్ష్యము లేదు. గ్రామచరిత్రమును వ్రాయువారు నిలిచియున్న కట్టడముల యందమును వర్ణించి యూరకుండరాదు. ప్రతి చిహ్నమును జూచి, ఇది మొదటినుండి యిచటనే యుండెనా, వేఱొకచోటినుండి వచ్చెనా, దీని చుట్టు నుండవలసిన దేమి లేకపోయెను అని ప్రశ్నింపవలెను. మిల్టన్ ఆబసులో నా ప్రశ్నలకు ధర్మశాల యొక సమాధానమును, ఒంటరి మఠాలయ మొక సమాధానమును ఇచ్చుచున్నవి. తుదిసమాధానము పచ్చికలోని పీఠపు రాతిది.